పదిహేడు నంబరు ఫారం

నిమ్‌గూడ జిల్లా పరిషత్ మరాఠీ హైస్కూల్లో పదో తరగతి ఫలితాలు ఏటా ఒకే తీరుగా వచ్చేవి. ఒక్కరు తప్పేవారు. మూడేళ్ల కింద ఇరవై ఆరుగురిలో ఒకరు, ఆ మరుసటేడు ఇరవై నలుగురిలో ఒకరు, పోయినేడు ఇరవై ముగ్గురిలో ఒకరు. తప్పిన పిల్లలకు ఒకరితో ఒకరికి చుట్టరికం లేదు. అందరూ ఒకే సబ్జెక్టులో కూడా తప్పలేదు. అయినా హెడ్మాస్టరు అనంతరావు గారు మాత్రం ఏటా మారువేషం వేసుకుని వచ్చి పరీక్ష తప్పే మనిషి ఒక్కడే అన్నట్టు మాట్లాడేవారు. ఆ మనిషిని ఈసారి గుమ్మంలోనే పట్టుకోవాలని ఆయన పట్టుదల. ఎందుకంటే వచ్చే మే నెలాఖరుకు ఆయన రిటైరవుతారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన నూటికి నూరు ఒక్కసారి కూడా చూడలేదు.

లెక్కల మాస్టరు సుదర్శన్ ఒకసారి ఆయనకు ఊరట చెప్పబోయాడు. శాతం మాత్రమే తగ్గుతోంది గానీ తప్పేవాళ్లు పెరగడం లేదు సర్, పిల్లల సంఖ్య తగ్గుతోంది కాబట్టి అదే ఒక్కరు ఎక్కువ బరువు తూగుతున్నారు అని బోర్డు మీద వేసి మరీ చూపించాడు. అనంతరావు గారు శ్రద్ధగా చూశారు. అంటే చివరికి ఒక్క పిల్లవాడే మిగిలి, వాడు తప్పితే మన ఫలితం సున్నా అన్నమాట, అన్నారు. సుదర్శన్ దానికి అవునన్నాడు. ఊరట చెప్పడం అక్కడితో ఆగిపోయింది.

ఆ ఏడు పదో తరగతిలో ఇరవై ఒక్కరున్నారు. ఇరవై కంటే తగ్గితే తరగతికి ఉపాధ్యాయుడి పోస్టు నిలవదని పై నుంచి కాగితం వచ్చి ఉంది. అప్పుడు అందరికంటే వెనక చేరినవాడు మిగులు మాస్టరు అవుతాడు. మిగులు మాస్టర్ని జిల్లాలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపిస్తారు. ఆ బడిలో అందరికంటే వెనక చేరినవాడు సుదర్శనే.

సెప్టెంబరులో ఒక శనివారం బడి వదిలాక అనంతరావు గారు సుదర్శన్ను పిలిపించి తలుపు దగ్గరగా వేశారు. మొదటి యూనిట్ టెస్టు మార్కుల పట్టిక బల్ల మీద పరిచి ఉంది. అందులో ఒక పేరు కింద ఎర్ర గీత ఉంది. శ్రావణి, లెక్కలు, ఇరవైకి నాలుగు.

ఆయన మరాఠీలో నెమ్మదిగా, ఎవరో పోయిన సంగతి చెబుతున్నట్టు చెప్పారు. ఈసారి ఆ ఒక్కరు ఈ అమ్మాయే. ఇప్పుడే తెలిసింది కాబట్టి ఇప్పుడే దారి చూడాలి. ఆ అమ్మాయి చేత పదిహేడు నంబరు ఫారం నింపిద్దాం. అప్పుడు తరగతిలో సరిగ్గా ఇరవై మంది మిగులుతారు. పోస్టుకు పోస్టు ఉంటుంది, నూటికి నూరూ వస్తుంది.

పదిహేడు నంబరు ఫారం అంటే, బడి మానేసినవాళ్లు బయటి నుంచి పదో తరగతి పరీక్ష రాయడానికి పెట్టిన దారి. మంచి దారే. పెళ్లయి బడి మానేసిన ఆడపిల్లలు, పనిలో పడిపోయిన మగపిల్లలు దాని మీద పరీక్ష రాసి గట్టెక్కారు. అయితే దాని మీద రాసినవాళ్లు తప్పినా ఆ తప్పు ఏ బడి లెక్కలోకీ రాదు. ఈ సంగతి ఆ దారి పెట్టినవాళ్లకు తట్టిందో లేదో గానీ, అనంతరావు గారి లాంటి వాళ్లకు తొందరగానే తట్టింది. చదువుతున్న పిల్ల ఆ ఫారం నింపాలంటే ముందు బడి మానేసినట్టు దాఖలా తీసుకోవాలి. అంటే రోజూ బడికి వచ్చే పిల్ల రేపటి నుంచి రాకూడదు.

ఈ పని మీరే చేయాలి, అన్నారు అనంతరావు గారు. వాళ్లూ తెలుగువాళ్లు, మీరూ తెలుగువాళ్లు. మీ మాట వింటారు.

సుదర్శన్ అప్పుడు ఒక మాట చెప్పవలసింది, చెప్పలేదు. అతను కూడా పదిహేడు నంబరు ఫారం మీదే పదో తరగతి రాశాడు. బల్లార్షాలో తొమ్మిదో తరగతి అవగానే వాళ్ల హెడ్మాస్టరు వాళ్ల నాన్నను పిలిచి ఇదే పద్ధతిలో తలుపు దగ్గరగా వేసి చెప్పాడు. వాళ్ల నాన్న మంచిర్యాల వైపు నుంచి బొగ్గు బావిలో పనికి వచ్చినవాడు, మరాఠీ చదవడం రాదు, చూపించిన చోట సంతకం పెట్టాడు. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాడు సుదర్శన్ ఒక్కడే. పైవాళ్లు చెప్పిన పని చేయడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. సరే సర్ అని ఫారం తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున పది గంటలకు అతను బొగ్గు బావి కార్మికుల కాలనీకి వెళ్లాడు. శ్రావణి తండ్రి ఇస్తారి బావిలో దిగే మనిషి, పాతికేళ్ల సర్వీసు. వారపు సెలవు కాబట్టి లుంగీ కట్టుకుని వాకిట్లో సైకిలు చైనుకు నూనె వేస్తున్నాడు. సార్ను చూసి నూనె చేతులు వెనక్కి పెట్టుకుని లేచాడు. తల్లి గౌరమ్మ కుర్చీ తెచ్చి వేసి, దాని మీద తువ్వాలు పరిచింది. శ్రావణి తలుపు పక్కన నిలబడింది. సార్ ఇంటికి వచ్చాడంటే తన గురించే వచ్చాడని ఆ పిల్లకు తెలుసు.

ఆ పిల్లకు అంకెలతో పేచీ లేదు. కూడికలూ తీసివేతలూ నోటితో చెప్పేస్తుంది. అంకెల మధ్య ఎక్స్ వస్తేనే ఆగిపోతుంది. నిన్న ఎక్స్ అంటే ఐదన్నారు కదా సర్, ఇవాళ పన్నెండు ఎట్లా అవుతుంది అని ఆగస్టులో ఒకసారి నిలదీసింది. సుదర్శన్ పావుగంట చెప్పాడు. అంతా విని, అయితే నిన్న చెప్పింది తప్పా అని అడిగింది.

చాయ్ వచ్చింది. సుదర్శన్ గ్లాసు చేతిలో పట్టుకుని తాను దారిలో కూర్చుకున్న మాటలు వరసగా చెప్పాడు. పిల్ల లెక్కల్లో కాస్త వెనక ఉంది. రోజూ బడికి వచ్చి ఒత్తిడి పడే బదులు, ఇంట్లో ఉండి నిదానంగా చదువుకుని పరీక్ష రాయవచ్చు. దానికి ఒక ఫారం ఉంది. బోర్డు ఒకటే, పేపరు ఒకటే. అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అందుకే చెప్పడం మరీ కష్టంగా ఉంది.

గౌరమ్మకు ఒకటే సందేహం వచ్చింది. అయితే పొద్దున్నే బడికి పంపే పని లేదా అని అడిగింది. లేదన్నాడు. ఆమె తలుపు వైపు చూసి, పత్తి ఏరడానికి మనిషి దొరికినట్టు తల ఊపింది.

శ్రావణి మాత్రం తలుపు దగ్గరి నుంచే అడిగింది.

"నేను రోజు బడికి వస్తున్న గదా సర్. మానేసినోళ్ల ఫారం నాకెందుకు?"

"మానేసినంక నింపుతవు," అన్నాడు సుదర్శన్.

"అంటే ఫారం నింపనీకి మానెయ్యాల్నా?"

ఇస్తారి కూతురిని ఊరుకోమన్నాడు. ఫారాన్ని రెండు చేతులతో, నూనె అంటకుండా అంచులు పట్టుకుని చూశాడు. మరాఠీ అక్షరాలు అతనికి కొన్ని వచ్చు, కొన్ని రావు. అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, చాలా సేపటికి అడిగాడు.

"సార్, ఒక్క మాట అడుగుత. ఈ ఫారం నింపినోడు ఎవడన్న బాగుపడ్డడా? మీరు చూసిన్రా?"

సుదర్శన్ అబద్ధం చెప్పలేడు. అది గొప్ప గుణం అని కాదు, అతనికి చేతకాదు. చిన్నప్పుడు ఒకటి రెండు సార్లు ప్రయత్నించి మానేశాడు.

"చూసిన," అన్నాడు.

"ఎవరు?"

"నేనే అన్నా. నేను గూడ గిదే ఫారం మీద రాసిన."

ఇస్తారి అతని చొక్కా వైపు, చేతి గడియారం వైపు, వాకిట్లో నిలబెట్టిన మోటార్ సైకిలు వైపు చూశాడు. తర్వాత ఫారం వైపు చూశాడు. గౌరమ్మను పెన్ను తెమ్మన్నాడు. సంతకం పెట్టి, గట్టిగా ఊది ఆరబెట్టి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. ఇంత మేలు చెప్పనీకి మీరే ఇంటిదాక రావాల్నా సార్, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని గదా అన్నాడు.

సుదర్శన్ మోటార్ సైకిలు ఎక్కేటప్పుడు తలుపు వైపు చూడలేదు.

ఆ కాలనీలో ఫారాలకు ఒక చరిత్ర ఉంది. బావి ఆఫీసు నుంచి ఎప్పుడు ఏ ఫారం వచ్చినా అందరూ నింపాలి. అది క్వార్టర్ మార్పిడికో, పిల్లల స్కాలర్‌షిప్‌కో, ఆస్పత్రి కార్డుకో కావచ్చు, అది ఎందుకో తెలియకపోయినా నింపాలి. ఒకప్పుడు ఏదో ఫారం వస్తే పదకొండు మంది ఎందుకులే అని ఊరుకున్నారు. తర్వాత చూస్తే అది నింపినవాళ్ల కొడుకులకే పని దొరికింది. ఆ పదకొండు మంది పేర్లు కాలనీలో ఇప్పటికీ పాఠంలా చెప్పుకుంటారు. అప్పటి నుంచి ఒకటే కట్టుబాటు. ఒకరికి ఫారం ఇస్తే అందరికీ ఇవ్వాలి.

ఆదివారం సాయంత్రానికి ఇస్తారి సంతకం పెట్టిన సంగతి నీళ్ల ట్యాంకు దగ్గర తెలిసింది. సార్ నింపిన ఫారమట. దాని మీదే సర్కారు నౌకరి వచ్చిందట. ఇన్నాళ్లూ లోపల దాచి పెట్టి ఇప్పుడు ఒక్కరికే ఇచ్చారట.

మంగళవారం పదిన్నరకు ప్రార్థన అయ్యీ అవ్వకముందే పదమూడు మంది తల్లిదండ్రులు బడి గేటు లోపలికి వచ్చారు. ముందు పోశం ఉన్నాడు. పోశం యూనియన్లో చిన్న నాయకుడు. ఏ ఆఫీసులోనైనా కుర్చీ చూపించే దాకా నిలబడి మాట్లాడడం అతని పద్ధతి, చూపించాక కూడా కూర్చోడు.

"సార్, మేం కొట్లాటకు రాలే," అన్నాడు అనంతరావు గారితో. "ఇస్తారన్నకు ఇచ్చిన ఫారం మాకెందుకియ్యలే? గంతే. మా పిల్లలు ఏం పాపం చేసిన్రు?"

అనంతరావు గారికి తెలుగు అర్థమవుతుంది. అర్థమైనప్పటికీ ఆయన సుదర్శన్ వైపు తిరిగి ఏమంటున్నారు అని మరాఠీలో అడిగారు. తాను విన్నది తప్పేమోనని చిన్న ఆశ. సుదర్శన్ యథాతథంగా మరాఠీలోకి మార్చి చెప్పాడు. ఆశ పోయింది.

ఆయన ఆ ఫారం మంచి పిల్లలకు కాదని చెప్పి చూశారు. మా పిల్లలు అంత మంచోళ్లు గాదు సార్, అన్నారు ఇద్దరు ముగ్గురు. అది చదువులో బాగా వెనకబడినవాళ్లకని చెప్పారు. మరి సుదర్శన్ సార్ వెనకబడ్డాడా అని పోశం అడిగాడు. అనంతరావు గారు సుదర్శన్ వైపు చూస్తే, నేనూ ఆ ఫారం మీదే రాశాను సర్ అన్నాడు. అలా ఆయనకు ఆ సంగతి ఆ రోజు, పదమూడు మంది ముందు తెలిసింది.

ఫారాలు అయిపోయాయి, తెప్పిస్తాం అని ఎలాగో పంపించారు. గదిలో ఇద్దరే మిగిలాక ఆయన కాగితం తీసుకుని ఇరవై ఒకటి వేసి దాని కింద పద్నాలుగు వేశారు. గీత గీసి ఏడు వేశారు. కాసేపు ఆ ఏడును చూస్తూ కూర్చున్నారు. ఏడుగురు పిల్లలతో నూటికి నూరు సులభంగా వస్తుంది. బడే ఉండదు.

మీరు మళ్లీ వెళ్లాలి, అన్నారు చివరికి. వెళ్లి ఆ ఫారం ఎందుకూ పనికిరాదని చెప్పండి. ఆ ఒక్క అమ్మాయి వాళ్లకు తప్ప.

ఆ ఒక్క అమ్మాయి వాళ్లకు ఏమని చెప్పాలి సర్ అని సుదర్శన్ అడిగాడు. అది మీరే ఆలోచించండి, మీకు వాళ్ల భాష వచ్చు, అన్నారాయన. ఫారం ఆన్‌లైన్లో ఎక్కించారా అని కూడా అడిగారు. సర్వర్ డౌన్ ఉంది సర్ అన్నాడు సుదర్శన్.

సర్వర్ బాగానే ఉంది. చిన్నప్పుడు మానేసిన పని అతను అంత తేలిగ్గా మళ్లీ మొదలుపెట్టాడు. సోమవారం పొద్దున కంప్యూటరు ముందు కూర్చుని పేజీ తెరిచాడు కూడా. శ్రావణి పేరు ఇంగ్లీషులో సగం కొట్టి ఆపేశాడు. ఫారం ఇంకా అతని సంచిలోనే, టిఫిన్ డబ్బా పక్కన ఉంది.

గురువారం మొదటి షిఫ్టు దిగాక, సాయంత్రం ఐదింటికి యూనియన్ ఆఫీసు ముందు సిమెంటు గచ్చు మీద కూర్చున్నారు. పదమూడు మందే వస్తారనుకుంటే నలభై మంది దాకా వచ్చారు. పదో తరగతి పిల్లలు లేనివాళ్లు కూడా వచ్చారు. ఫారం సంగతి కదా. ఇస్తారి బావి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ముఖం కడిగినా కళ్ల అంచులు నల్లగా ఉన్నాయి. ఆడవాళ్ల వైపు గౌరమ్మ పక్కన శ్రావణి కూర్చుంది.

సుదర్శన్ నిలబడి, ఆ ఫారం మంచిది కాదన్నాడు. ఎందుకు మంచిది కాదని పోశం అడిగాడు. అది బడి మానేసినోళ్లకు అన్నాడు. మీరు బడి మానేసిన్రా అని పోశం అడిగాడు.

"నేను మానెయ్యలే," అన్నాడు సుదర్శన్. "నన్ను మాన్పిచ్చిన్రు. బడికి నూటికి నూరు రావాలని. మా బాపు సంతకం పెట్టిండు, ఇస్తారన్న లెక్కనే."

అతను మిగతాది కూడా చెప్పాడు. పొద్దున్నే దోస్తులు బడికి పోతుంటే తాను నీళ్ల లైన్లో బిందెలు పెట్టేవాణ్ననీ, వాళ్లు దగ్గరికి రాగానే బిందె వైపు తిరిగి నిలబడేవాణ్ననీ చెప్పాడు. ఏడాదంతా తనకు ఒక్క లెక్క చెప్పినవాడు లేడన్నాడు. పరీక్ష కేంద్రంలో బడి పిల్లలంతా ఒక వరసలో, తాను బయటివాళ్ల వరసలో, ఇద్దరు పిల్లల తల్లికీ ఒక హోటల్ పనివాడికీ మధ్య కూర్చున్నానన్నాడు. ఆ ఇద్దరూ మంచివాళ్లేననీ, హోటల్ అతను రబ్బరు ఇచ్చాడనీ కూడా చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

"ఈ ఫారంతోని నాకు నౌకరి రాలే," అన్నాడు. "ఈ ఫారం నింపినా వచ్చింది."

పోశం గడ్డం గోక్కున్నాడు. ఫారం మీద అతనికి నమ్మకం పోవడం ముఖంలో కనిపిస్తోంది. అతనికి అది కాస్త కష్టంగానే ఉంది.

అప్పుడు ఇస్తారి, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే మాట్లాడాడు.

"మరి మా పిల్లకెందుకు తెచ్చిన్రు సార్?"

"హెడ్మాస్టర్ సార్ తీస్కపొమ్మన్నడు. తెచ్చిన."

"మీకేమనిపిచ్చింది?"

"తేవద్దనిపిచ్చింది."

"అయినా తెచ్చిన్రు."

"తెచ్చిన."

ఇస్తారి ఈ జవాబును తప్పు పట్టలేదు. అతను కూడా పాతికేళ్లుగా పైవాళ్లు చెప్పిన చోటికి దిగుతున్నవాడే. కాసేపు గచ్చు మీది ఇసుకను వేలితో పక్కకు నెట్టాడు.

"నాకు లెక్కలు రావు సార్," అన్నాడు. "మీరు లెక్కల సార్. ఇరవై ఒక్కరున్నరు. ఒకల్ని బయట కూసోబెట్టి, ఇరవై మంది పాసైతే మీరు నూటికి నూరంటరు. మా బావిల ఇరవై ఒక్కరం దిగి ఇరవై మందిమి పైకొస్తే, ఆ దినం నూటికి నూరని ఎవ్వడు రాయడు. ఇంకొకడు యాడున్నడని అడుగుతరు. దొరికేదాక ఎవ్వడు ఇంటికి పోడు."

ఆడవాళ్ల వైపు ఒక పసిపిల్ల ఏడ్చి ఊరుకుంది. లెక్కల మాస్టరు సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి పక్కన పెట్టి, దాని వెనకాల ఉన్న ఫారం తీశాడు. డబ్బా ఆనిన చోట చిన్న పప్పు మరక అయింది. ఇస్తారి దగ్గరికి నడిచి వెళ్లి చేతికి ఇచ్చాడు.

ఇస్తారి దాన్ని చింపలేదు. ఫారాలు చింపడం ఆ కాలనీలో ఎవరికీ అలవాటు లేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు బడికి పంపుత," అన్నాడు.

"నేను ఈ వారమంత బడికి పోయిన బాపూ," అంది శ్రావణి. "నన్నెవరు మానెయ్యమనలే."

నిజమే. ఈ గొడవలో ఆ సంగతి చెప్పడం అందరూ మరిచిపోయారు.

మరునాడు సుదర్శన్ హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. పదమూడు మందీ ఉంటారా అని ఆయన అడిగారు. ఉంటారన్నాడు. ఆ ఒక్క అమ్మాయీ అని అడిగారు. ఉంటుంది సర్ అన్నాడు. అనంతరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"సర్వర్ ఎన్ని రోజులు డౌన్ ఉంది?"

"నాలుగు రోజులు సర్."

"మిగతా బడులవాళ్లవి ఎక్కాయట."

"అవును సర్."

ఆయన, బడి వదిలాక ఒక గంట ఉండి ఆ అమ్మాయికి లెక్కలు చెప్పమన్నారు. తాళంచెవి ఇచ్చి, వెళ్లేటప్పుడు ఫ్యాను ఆపమన్నారు. మీరు బల్లార్షాలో ఏ బడిలో చదివారు అని మాత్రం వెనక నుంచి అడిగారు. సుదర్శన్ చెప్పాడు. ఆ హెడ్మాస్టరు నాకు తెలుసు, ప్రతిసారీ నూటికి నూరు తెచ్చేవాడు, అన్నారాయన. ఆ మాట ఎప్పుడూ అనే గొంతుతోనే అన్నారు గానీ, అన్నాక కిటికీ వైపు తిరిగారు.

గంట క్లాసు శ్రావణి ఒక్కదానితో మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు పోశం గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్కదానికే ఎందుకు చెప్తున్రు సార్, చెప్తే అందరికి చెప్పాలె గదా అన్నాడు. మరునాటి నుంచి కాలనీ పిల్లలు పద్నాలుగు మందీ వచ్చి కూర్చున్నారు. అందులో సగం మందికి ఆ క్లాసు అక్కరలేదు. అక్కరలేనివాళ్లు జవాబులు అరిచి చెప్పేవాళ్లు కాబట్టి అక్కర ఉన్న పిల్లకు ఆలోచించే వ్యవధి ఉండేది కాదు. సుదర్శన్ చివరికి శ్రావణిని మొదటి బెంచీలో విడిగా కూర్చోబెట్టి, మిగతావాళ్లకు ఒక లెక్కా ఆమెకు ఒక లెక్కా ఇచ్చేవాడు. దీపావళి దాటింది, చలికాలం వచ్చింది. ఎక్స్ విలువ రోజుకోలా ఉండవచ్చునని శ్రావణి జనవరిలో ఒప్పుకుంది. ఇష్టంగా ఒప్పుకోలేదు. మీరు అంటున్నారు కాబట్టి అని ఒప్పుకుంది.

మార్చిలో పరీక్షలైనాయి. ఇరవై ఒక్కరూ రాశారు. లెక్కల పేపరు రోజు బయటికి వచ్చి శ్రావణి బాగా రాశానంది. సుదర్శన్ ప్రశ్నపత్రం తీసుకుని ఒక్కొక్క జవాబే అడిగి, ఇంకేమీ అడగకుండా తిరిగి ఇచ్చేశాడు.

ఫలితాలు మే నెల మూడో వారంలో మధ్యాహ్నం ఒంటి గంటకు వచ్చాయి. బడిలో ఉన్న ఒకే కంప్యూటరు ముందు సుదర్శన్ కూర్చుని ఒక్కొక్క నంబరే కొట్టాడు. అనంతరావు గారు వెనకాల నిలబడ్డారు. ఇరవై మంది పాసయ్యారు. శ్రావణి అన్నిట్లో పాసైంది, మరాఠీలో డెబ్భై రెండు కూడా వచ్చాయి. లెక్కల్లో ఇరవై తొమ్మిది. ముప్పై ఐదు రావాలి.

తొంభై ఐదు పాయింట్ రెండు నాలుగు, అన్నాడు సుదర్శన్. నాలుగేళ్లలో అన్నిటికంటే తక్కువ. అనంతరావు గారు తల ఊపారు. ఆయన పొద్దున్నే బజారు నుంచి పాలకోవా పేడాలు తెప్పించి ఉంచారు, సరిగ్గా ఇరవై ఒకటి. తప్పినవాళ్లకు పేడా ఇవ్వవచ్చా లేదా అన్నదానికి నియమం ఏదీ లేదు. ఆయన డబ్బా పట్టుకుని వరండాలోకి వెళ్లి అందరికీ ఇచ్చారు. శ్రావణి దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, ఇరవయ్యో ఇరవై ఒకటో లెక్క చూసుకుని, ఆ పిల్ల చేతిలో కూడా పెట్టారు. పది రోజుల తర్వాత ఆయన శాలువా, కొబ్బరికాయ తీసుకుని ఇంటికి వెళ్లిపోయారు.

ఇస్తారి ఆ సాయంత్రం షిఫ్టు దిగి వచ్చాడు. మార్కుల కాగితం చూపించమన్నాడు. అంకెలు చూడలేదు. బడి పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. సుదర్శన్ వేలు పెట్టి చూపించాడు. ఇస్తారి ఆ పేరును కూడబలుక్కుని చదివాడు. ఒక్క సబ్జెక్టు తప్పినా పదకొండులో చేరవచ్చుననీ, ఆ ఒక్కటీ జూలైలో మళ్లీ రాయవచ్చుననీ సుదర్శన్ చెప్పాడు. అయితే ఇంక మీరూ ఆమే చూసుకోండి సార్ అని ఇస్తారి సైకిలు తీసుకుని బయటికి వెళ్లి గేటు దగ్గర ఆగాడు.

శ్రావణి వెళ్లలేదు. పేడా ఇంకా చేతిలోనే ఉంది, తినలేదు. ఆ పిల్ల ఏడుస్తుందేమోనని సుదర్శన్ కాస్త భయపడ్డాడు. ఏడిచే పిల్లలతో ఏం మాట్లాడాలో అతనికి తెలియదు.

"సర్," అంది. "ఫారం మీద రాసినప్పుడు మీకు లెక్కల్ల ఎన్నొచ్చినయి?"

ఇది యూనియన్ ఆఫీసు గచ్చు మీద చెప్పలేదు. ఆ రోజు ఎవరూ అడగలేదు, అడగనిది చెప్పలేదు. అనంతరావు గారికీ చెప్పలేదు. ఇన్నేళ్లలో అతను ఎవరికీ చెప్పలేదు.

"మార్చిల తప్పిన," అన్నాడు. "అక్టోబర్ల మల్ల రాసిన. ముప్పై ఆరు."

శ్రావణి అతని వైపు చూసింది. లెక్కల మాస్టరు వైపు చూసే చూపు కాదది. ముందు వరసలో కూర్చున్నవాడు తమవాడేనని తెలిసినప్పుడు చూసే చూపు. వెంటనే లెక్క కట్టింది.

"అయితే మీకంటె నాకు ఏడే తక్కువ."

తీసివేత సరిగ్గానే ఉంది. సుదర్శన్ అవునన్నాడు. రేపు తొమ్మిది గంటలకు రమ్మన్నాడు. పేడా తినమని చెప్పి ఫ్యాను ఆపడానికి లోపలికి వెళ్లాడు.